విక్టర్ షాపులో ఎర్రసుద్ద

కోటబొమ్మాళి స్టేషను రోడ్డులో విక్టర్ మోటారు వైండింగ్ షాపుకు బోర్డు లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు. చుట్టుపక్కల పదిహేను ఊళ్లలో ఏ రైతు మోటారు పొగ కక్కినా దాన్ని ఆటోలో పడేసుకుని తిన్నగా అక్కడికే వస్తాడు. విక్టర్ ఆ మోటారును దింపించి, పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, మంచాన పడ్డ మనిషిని పలకరించినట్టు పలకరిస్తాడు.

"ఏటయినాదే నీకు? ఎక్కడ పోనాది?"

మోటారు ఎలాగూ చెప్పదు. విక్టర్ చెవి ఆనించి వింటాడు, షాఫ్టు పట్టుకుని తిప్పుతాడు, మీటరు పెడతాడు. తప్పు ఎక్కడుందో తేలగానే సరిగ్గా ఆ చోట ఎర్రసుద్దతో ఒక గీత గీస్తాడు. పని పూర్తయ్యాక ఆ గీతను మణికట్టుతో తుడిచేసి, అదే చోట తెల్లసుద్దతో గీత పెడతాడు. ఇది అతనికి పని నేర్పిన నరసింగరావు పద్ధతి. షాపులో ముప్ఫై మోటార్లున్నా చీటీలక్కర్లేదు, పుస్తకం అక్కర్లేదు. రైతులు కూడా రోడ్డు మీదనుంచే తెల్ల గీత చూసి ఆటో మాట్లాడుకుంటారు.

ఆ షాపులో రోజూ సాయంత్రం ఒక మూల గోనెసంచి మీద కూర్చుని ఇదంతా చూసే మనిషి ఒకతి ఉంది. విక్టర్ కూతురు షీబా. తొమ్మిదేళ్లది. మాట రాలేదు. మూడో ఏట విశాఖపట్నంలో పెద్ద డాక్టర్లు చూసి ఆటిజం అన్నారు. "పేరు తెలిసిపోనాది కదా, ఇంక మందు కూడా తెలుస్తాది," అంది విక్టర్ తల్లి సత్యవతి. అలాంటి మందు లేదని ఆ ఇంటికి అర్థం కావడానికి చాలా ఏళ్లే పట్టింది. ఈలోగా ప్రార్థనలయ్యాయి, ఉపవాసాలయ్యాయి, పక్కింటి అసిరమ్మ చెప్పిన చెట్టుమందొకటి సత్యవతికి తెలియకుండా అదీ అయింది.

షీబాకు మనుషుల గొంతులు పెద్దగా పట్టవు. మోటారు శబ్దమైతే ప్రాణం. బాగుచేసిన మోటారును విక్టర్ పరీక్షకు తిప్పితే, వెళ్లి దానిమీద చెంప ఆనించి కళ్లు మూసుకుంటుంది. బేరింగులో ఏ కొంచెం తేడా ఉన్నా చెంప తీసేసి మొహం చిట్లిస్తుంది. ఒకసారి అలా ఆమె చిట్లించిన మోటారును విక్టర్ మళ్లీ విప్పకుండా పంపితే, అది మూడో నాటికి తిరిగొచ్చింది. అప్పట్నుంచి కూతురి మొహం చూడకుండా ఏ మోటారుకూ తెల్ల గీత పెట్టడం మానేశాడు. అయితే ఈ సంగతి బయటికి చెప్పుకోలేదు. చెప్పుకుంటే గొప్పకు పోతున్నాడంటారని సిగ్గు.

కిందటి జూన్‌లో సుహాసిని వచ్చింది. చీపురుపల్లి అమ్మాయి. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రానికి టీచరుగా వేశారు. ఆమె సంచిలో ఒక ట్యాబ్ ఉండేది. దాన్లో రంగురంగుల బొమ్మలు. ఆపిల్ బొమ్మ నొక్కితే లోపల్నుంచి వార్తలు చదివే గొంతు ఒకటి, "ఇది ఆపిల్. ఆపిల్‌ను చూపించుము," అనేది. మిగతా పిల్లలు ఎగబడ్డారు. షీబా ఆ ట్యాబ్‌ను బోర్లించి నేలమీద పెట్టి, దానిమీద కూర్చుంది. మర్నాడూ అంతే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది సుహాసిని పని.

ఇంకొకరైతే రిజిస్టరులో ఏదో రాసుకుని ఊరుకునేవారు. సుహాసిని ఒకరోజు సాయంత్రం షాపుకొచ్చి, షీబా పక్కన ఇంకో గోనెసంచి వేసుకుని, ఒక గంట ఊరికే కూర్చుంది. మర్నాడు మళ్లీ వచ్చి మోటార్లకు ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. పైనుంచీ, పక్కనుంచీ, విప్పిన వాటికీ, విప్పని వాటికీ. విక్టర్ కాసేపు ఓర్చుకున్నాడు.

"నాలుగు మాటలు నేర్పమని పిల్లని పంపితే మీరు మోటార్లకి ఫోటోలు తీస్తన్నారేటమ్మా?"

"ఆపిల్ అంటే షీబా చూడట్లేదండీ. మోటారంటే చూస్తోంది. ముందు నాకు ఆమె చూపు కావాలి, తర్వాత మాటల సంగతి."

"మోటార్లు నేర్పడానికి నానున్నాను కదమ్మా."

"అవును, మీరే కావాలి. మీ గొంతు కావాలి. రోజూ మోటార్లని అడుగుతారు కదా, ఏమయింది, ఎక్కడ పోయిందని. అది మీరు ఎలా అంటారో అలాగే ఇందులో అనండి."

విక్టర్ చెమట్లు కక్కాడు. చర్చిలో వాక్యం చదవమంటేనే వెనక వరసకు పోయే మనిషి. షట్టరు సగం దించి, ట్యాబ్ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఏటయినాదే నీకు? ఎక్కడ పోనాది?" అన్నాడు. తర్వాత "బేరింగు పోనాది," "వైండింగు కాలిపోనాది," "బాగయినాది, ఇంక ఎల్లొచ్చు," అని ఒక్కొక్కటే అన్నాడు. అప్పుడే షట్టరు కింద నుంచి వంగి లోపలికి వచ్చాడు జగన్నాధం. ఎత్తూరు రైతు, మూడు మోటార్ల ఆసామి, నోటికి తాళం లేని మనిషి.

"ఒరే విక్టరూ, మోటారుతో నువ్వు మాటాడ్డం ఊరందరం సూసినాం. పలకతో మాటాడ్డం నానొక్కడినే సూసినాను," అన్నాడు. వారంలో స్టేషను రోడ్డంతా ఆ మాటే.

నవ్విన నాపచేనే పండింది. ట్యాబ్‌లో నాన్న గొంతు విన్న రోజున షీబా దాన్ని బోర్లించలేదు. వెనక్కి తిప్పి చూసింది, చెవి దగ్గర పెట్టుకుంది, మళ్లీ నొక్కింది. నాలుగు వారాలు తిరిగేసరికి ఫోటోలో మోటారు ఎక్కడ పోయిందో వేలితో చూపించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత సుహాసిని మోటార్ల పక్కనే నీళ్ల గ్లాసు ఫోటో పెట్టింది. అన్నం పళ్లెం పెట్టింది. షాపు ఫోటో పెట్టి, "షాపుకి ఎల్దాం," అని విక్టర్ చేతే అనిపించింది. ఆ బొమ్మను షీబా మొదటిరోజు నలభైసార్లు నొక్కింది. తొమ్మిదేళ్లలో కూతురు నోరు విడిచి అడిగినట్టుగా ఒకటి అడగడం అదే మొదలు. విక్టర్ భార్య మెర్సీ కుట్టుమిషను ఆపేసి, కుడుతున్న జాకెట్టుతోనే కళ్లు తుడుచుకుంది.

ఒక్క పాఠం మాత్రం ఎక్కలేదు. షీబా నిలువెత్తు ఫోటో పెట్టి, తల, చెయ్యి, కడుపు అని చూపించాలని సుహాసిని చూసింది. షీబా ఆ ఫోటో వంక కూడా చూడకుండా వేలితో తోసేసి మోటార్ల దగ్గరికి పోయేది.

అంతా ఒక దారిన పడుతోందనుకుంటుండగా అక్టోబరు వచ్చింది.

వరి పొట్టమీదున్న రోజులు. వాన మొహం చాటేసింది. ఊళ్లలో మోటార్లు పగలూ రాత్రీ తిరిగి ఒకదాని వెనక ఒకటి కాలిపోతున్నాయి. విక్టర్‌కు అన్నం తినే తీరిక లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే షీబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అరచేత్తో తలకేసి కొట్టుకునేది. పట్టుకుంటే గోడకేసి కొట్టుకునేది. అన్నం పళ్లెం తోసేసేది. మెర్సీ ఆమె తలకూ గోడకూ మధ్య తన చెయ్యి అడ్డుపెట్టి, ఆ చెయ్యి కమిలిపోయి కత్తెర పట్టుకోలేకపోయింది.

ఇంకో రెండు చిన్న సంగతులు కూడా జరిగాయి. అవి చిన్నవని అప్పుడనుకున్నారు.

మొదటిది సత్యవతికీ అసిరమ్మకూ వచ్చిన తగువు. అసిరమ్మది షాపుకూ విక్టర్ ఇంటికీ మధ్యనున్న ఇల్లు. మధ్యాహ్నాలు షీబా ఆమె అరుగు మీద ఆడుకుంటుంది. ఒకరోజు షీబా ఇంటికొచ్చేసరికి బుగ్గమీద ఎర్రగా ఏదో పూసి ఉంది. సత్యవతి అది చూసి మండిపడింది. మూడు తరాల నుంచి బాప్టిస్టు మిషను కుటుంబం. ఇంట్లో ఆడవాళ్లు పెళ్లిలో కూడా నుదుట చుక్క పెట్టుకోలేదు. అలాంటిది మనవరాలి బుగ్గన దిష్టిచుక్కా? తిన్నగా అసిరమ్మ గుమ్మంలోకి వెళ్లి నిలబడింది.

"ఒసే అసిరీ, మా గుంట మొహాన కుంకుమ ఎట్టడానికి నువ్వెవత్తివే?"

"నానేటి, కుంకుమేటి ఒదినా? దిష్టి తీయించుకోమని సెప్పినాను, నువ్వు వద్దన్నావు, ఊరుకున్నాను. నాను ముట్టుకోలేదు."

"మరి ఆ ఎరుపు దేవదూత వచ్చి పూసిందేటి?"

దాంతో మాటలు ఆగిపోయాయి. ఎరుపు మాత్రం ఆగలేదు. రోజు విడిచి రోజు షీబా బుగ్గన కనిపించేది. సత్యవతి సబ్బు పెట్టి కడిగేది, అసిరమ్మ ఇంటివైపు చూసి గొణిగేది.

రెండోది విక్టర్ సుద్ద. పని ఒత్తిడి రోజుల్లో ఎర్రసుద్ద చేతికందకపోతే అతనికి ఒళ్లు మండుతుంది. షీబా ఎప్పుడు చూసినా ఆ డబ్బాలో చెయ్యి పెడుతోంది, ముక్కలు విరిచేస్తోంది. రెండుసార్లు లాక్కున్నాడు. మూడోసారి కసిరి, డబ్బా తీసి పై అరలో, వార్నిష్ డబ్బాల వెనక పెట్టాడు. ఆ సాయంత్రమే షీబా మునుపెన్నడూ లేనంతగా గోడకేసి కొట్టుకుంది. సుద్ద కోసం ఇంత మంకేమిటని విక్టర్ విసుక్కున్నాడు.

పట్నంలో ఒక డాక్టరుకు చూపించారు. ఆయన ఫైలు తిరగేశాడు, షీబాను దూరం నుంచి చూశాడు. దగ్గరికెళ్తే రక్కేసింది మరి. "ఈ పిల్లల్లో ఇది మామూలే. వయసు వస్తున్నకొద్దీ పెరుగుతుంది," అన్నాడు. శాంతపరిచే మాత్ర రాశాడు, సాయంత్రం సగం. వారంలో తగ్గకపోతే సోమవారం నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వెయ్యమన్నాడు.

సగం మాత్రకే షీబా షీబా కాకుండా పోయింది. చొంగ కార్చుకుంటూ గోనెసంచి మీద పడి ఉండేది. కళ్లు తెరిచినా దేన్నీ చూసేది కాదు. లేచినప్పుడు మాత్రం కొట్టుకోవడం అలాగే ఉంది. గురువారం నాడు విక్టర్ ఒక మోటారు బాగుచేసి తిప్పాడు. చక్కగా, ఏ అరుపూ లేకుండా తిరిగింది. షీబా తల తిప్పలేదు. తెల్లసుద్ద చేతిలో పట్టుకుని విక్టర్ అలాగే ఉండిపోయాడు. సగానికే ఇలా అయితే రెండు మాత్రలకు ఈ పిల్ల మళ్లీ తనవైపు చూస్తుందా అని భయం పట్టుకుంది. ఆ భయం మెర్సీకి చెప్పలేదు. మెర్సీ కూడా అదే భయంతో ఉందని అతనికి తెలుసు.

శనివారం మధ్యాహ్నం సుహాసిని వచ్చింది. వారం రోజులుగా షీబా కేంద్రానికి రాలేదని చూడ్డానికొచ్చింది. గోనెసంచి మీద పడి ఉన్న పిల్లను చూసి, చెప్పులు విడిచి పక్కన కూర్చుంది.

"సోమవారం నుంచి మందు పెంచమన్నారండి," అన్నాడు విక్టర్, చేతిలో పని ఆపకుండా.

"ఎక్కడ కొట్టుకుంటోంది?"

"తలకేసి. గోడకేసి."

"తలకి ఏ వైపు?"

విక్టర్ పానా కింద పెట్టాడు. కళ్లముందుకు తెచ్చుకుని చూశాడు. "ఎడం పక్క."

"ఎప్పుడూ ఎడం పక్కేనా?"

"ఆ. ఎడం పక్కే."

"కోపమైతే అన్ని పక్కలా కొట్టుకోవాలి కదండీ. ఒకే పక్కంటే అక్కడ నొప్పేమో."

"నొప్పయితే అది సెప్పలేదు కదమ్మా."

"మనం అడిగామా?"

విక్టర్‌కు ఆ మాట సూటిగా తగిలింది. అడగలేదు. డాక్టరు అడగలేదు, తల్లి అడగలేదు, తను అడగలేదు. చెప్పలేని పిల్లను ఏమడుగుతామనుకున్నారు. "ఎలగడుగుతామండి?" అన్నాడు.

"మీరు రోజూ అడిగేదే. చెప్పలేని వాటినే కదా మీరు అడుగుతారు."

ట్యాబ్‌లో షీబా ఫోటో తెరిచింది సుహాసిని. పిల్ల మొహం ముందు పెట్టి బొత్తం నొక్కింది. ట్యాబ్‌లోంచి విక్టర్ గొంతు వచ్చింది.

"ఏటయినాదే నీకు? ఎక్కడ పోనాది?"

షీబా కళ్లు కదిలాయి. సుహాసిని మళ్లీ నొక్కింది. షీబా లేచి కూర్చుంది. ఫోటో వంక చూసింది. ఇన్ని నెలల్లో ఆ ఫోటో వంక చూడటం అదే మొదలు. వేలు మాత్రం పెట్టలేదు. తూలుకుంటూ లేచి, వచ్చి విక్టర్ మణికట్టు పట్టుకుంది. ఏదైనా కావాలంటే ఆమె మనుషుల చేతులను అలాగే వాడుకుంటుంది. ఆ చేతిని పై అరకేసి తోసింది.

విక్టర్ మీటరు తీసిచ్చాడు. తోసేసింది. నూనె డబ్బా ఇచ్చాడు. అదీ తోసేసింది. మళ్లీ అతని చెయ్యి పట్టుకుని, ఇంకా వెనక్కి, వార్నిష్ డబ్బాల వెనక్కి తోసింది. విక్టర్ చేతికి సుద్ద డబ్బా తగిలింది.

షీబా అందులోంచి ఎర్రసుద్ద ఏరుకుంది. తెల్లది కాదు, పచ్చది కాదు. నేలమీద కూర్చుని, ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని, ఆ ఫోటోలో తన ఎడమ బుగ్గ మీద, చెవికి కిందుగా ఒక గీత గీసింది. అద్దం మీద సుద్ద సరిగా పడలేదు. మళ్లీ గీసింది, సుద్ద విరిగింది. ఎదురుగా ఉన్న ఇద్దరికీ ఇంకా బోధపడలేదనుకుందో ఏమో, విరిగిన ముక్కతో తన సొంత బుగ్గ మీద అదే చోట గట్టిగా గీసుకుంది.

సరిగ్గా అప్పుడే సత్యవతి అన్నం గిన్నెతో లోపలికి వచ్చింది. మనవరాలి బుగ్గ చూసింది.

"సూసినావురా విక్టరూ? ఆ అసిరమ్మ మల్లీ దిష్టిసుక్క ఎట్టీసింది," అంటూ గిన్నె దింపి, కొంగు చివర నీళ్లలో ముంచి వంగింది.

విక్టర్ తల్లి చెయ్యి పట్టుకున్నాడు. "తుడవకే అమ్మా."

"ఏల?"

"నువ్వు ఎన్నిసార్లు తుడిసినావు?"

"ఎన్నిసార్లేటిరా, నెల్లాళ్ల బట్టి రోజుమార్చి రోజు తుడస్తానే ఉన్నాను. ఈ మద్దిని వారం రోజులే నేదు."

వారం రోజులంటే సుద్ద డబ్బా పై అర ఎక్కినప్పట్నుంచి. విక్టర్ నేలమీద చతికిలబడ్డాడు. నెల్లాళ్లుగా ఆ పిల్ల చెబుతూనే ఉంది. తన షాపు పద్ధతిలోనే, తను పొట్టపోసుకునే పద్ధతిలోనే, ఇక్కడ పోయింది నాన్నా, చూడు అని గీత గీసి మరీ చెప్పింది. నానమ్మ సబ్బు పెట్టి కడిగేసింది. తను సుద్ద లాక్కున్నాడు. ఇంక చెప్పడానికి ఏమీ లేక గోడకేసి కొట్టుకుంది. పదిహేను ఊళ్ల మోటార్ల గోడు వినేవాడిని, నా పిల్ల గోడు వినలేదు కదా అని విక్టర్ ఏడ్చాడు. మనుషులున్నారనీ చూడలేదు, సిగ్గూ పడలేదు. సత్యవతికి సంగతి సుహాసిని చెప్పాల్సి వచ్చింది. వింటున్నంతసేపూ ఆ ముసలావిడ తడికొంగును పిండుతూనే ఉంది.

తర్వాత విక్టర్ మొహం తుడుచుకుని, వైండింగు సందుల్లోకి వేసి చూసే టార్చిలైటు తీశాడు. షీబా నోరు ఎవరినీ ముట్టుకోనివ్వదు. అతను ముట్టుకోలేదు. ముక్కాలిపీట వేసుకుని ఎదురుగా కూర్చుని, "ఎక్కడ పోనాదే తల్లీ?" అన్నాడు. మూడోసారి అడిగేసరికి నోరు తెరిచింది, రెప్పపాటు సేపు. అది చాలింది. ఎడమవైపు కింద దవడపన్నులో నల్లటి గొయ్యి, దాని పక్కన చింతగింజంత వాపు.

"పన్ను," అన్నాడు విక్టర్. "పన్నుపోటే. అంతే."

అంతే అన్నాడు గానీ ఆ మాటతో గుండెల మీంచి ఎంత బరువు దిగిందో అతనికే తెలుసు. పన్నుపోటు లోకంలో అందరికీ వస్తుంది, పోతుంది. దానికి మందుంది. తన పిల్లకు వచ్చినవాటిలో మందు ఉన్నది ఇదొక్కటే అనిపించి, ఏడుపు మొహంతోనే నవ్వొచ్చింది.

చేతిలో ఉన్న జగన్నాధం మోటారును విప్పింది విప్పినట్టే వదిలేసి, విక్టర్ మెర్సీనీ పిల్లనూ ఆటోలో ఎక్కించుకుని టెక్కలిలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. కుర్చీ చూసి షీబా గుమ్మం దగ్గరే బిగుసుకుపోయింది. అంతలో మూలనున్న కంప్రెసరు దానంతటదే తిరగడం మొదలైంది. షీబా మెడ అటు తిరిగింది. నడిచివెళ్లి దానిమీద అరచెయ్యి పెట్టింది, తర్వాత చెంప ఆనించింది, ఎడమది కాదు, కుడిది. మొహం చిట్లించింది.

"బేరింగు పోతన్నట్టున్నాదండి మీ కంప్రెసరికి," అన్నాడు విక్టర్. "మా పిల్ల సెప్తన్నాది."

డాక్టరమ్మ వింతగా చూసింది గానీ తెలివైన మనిషి. కుర్చీని కాదు, తన స్టూలునే కంప్రెసరు దగ్గరికి లాక్కుంది. పిల్ల దాన్ని పట్టుకుని ఉండగానే నోట్లోకి చూసింది. చీము పట్టింది, పాలపన్నే, ముందు మందులతో వాపు తగ్గాలి, బుధవారం తీసేద్దామంది. పట్నం డాక్టరుకు తనే ఫోన్ చేసింది. ఆయన ఆ మాత్రలు ఆపేయమన్నాడు, పళ్లు తను చూడాల్సిందని కూడా అన్నాడట. అన్నందుకు విక్టర్ ఆయన్ని మనసులో క్షమించేశాడు. తను మాత్రం ఏమంత గొప్పగా చూశాడని.

ఆదివారం సాయంత్రానికి షీబా మెత్తటి అన్నం నాలుగు ముద్దలు తింది. సోమవారం, ఆ రెండు మాత్రల సోమవారం, "షాపుకి ఎల్దాం" అని ట్యాబ్ నొక్కి నొక్కి అందరి ప్రాణం తీసింది. అంత హాయిగా ప్రాణం పోయిన రోజు మెర్సీ ఎరగదు. బుధవారం పన్ను తీయడం మాత్రం తేలిగ్గా జరగలేదు. సూది చూసి షీబా అరిచింది, డాక్టరమ్మ వేలు కొరికింది, విక్టర్ చొక్కా చించింది. ట్యాబ్‌లో "బాగయినాది, ఇంక ఎల్లొచ్చు," అని ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు. చివరికి బాగయింది, వచ్చేశారు.

ఆ సాయంత్రం జగన్నాధం షాపులో తిష్ట వేసుకుని ఉన్నాడు. "నాలుగు రోజులైనాది నా మోటారు విప్పి. నా సేను ఎండిపోతే నీ పలక వచ్చి తడుపుతాదేటిరా?" అని మొదలెట్టినవాడు, షీబా వాచిన బుగ్గ చూసి గొంతు తగ్గించాడు. అప్పటికే ఊళ్లో తెలియనివాడు లేడు. అసిరమ్మ అరుగు మీదనుంచే అంది: "సంకలో పిల్లనెట్టుకుని ఊరంతా ఎతికినట్టున్నాది మీ కత. నన్ననుకున్నారు, పిల్లనడగలేదు."

సత్యవతి ఇంటికెళ్లి గిన్నెడు చేపల పులుసు తెచ్చి అరుగు మీద పెట్టి, పక్కనే కూర్చుంది. అసిరమ్మ మూత తీసి చూసి, కొంచెం పక్కకు జరిగింది.

విక్టర్ జగన్నాధం మోటారు బిగించి తిప్పాడు. షీబా వచ్చింది. కుడిచెంప ఆనించి, కళ్లు మూసుకుంది, చిట్లించలేదు. విక్టర్ మణికట్టుతో ఎర్ర గీత తుడిచి, తెల్లసుద్ద కోసం చెయ్యి చాపాడు. డబ్బా ఇప్పుడు కింది అరలో ఉంది, పిల్ల మోకాలెత్తున. అతనికన్నా ముందు షీబా చెయ్యి పడింది దానిమీద. తెల్లముక్క తీసుకుంది. మణికట్టుతో తన ఎడమబుగ్గను, అచ్చం నాన్నలాగే, కిందినుంచి పైకి తుడుచుకుంది. అదే చోట నిదానంగా ఒక తెల్ల గీత గీసుకుంది. మొహం తిప్పి విక్టర్‌కు చూపించింది.

మోటారు తిరుగుతూనే ఉంది. ఆపడం అతనికి గుర్తు రాలేదు.

ఆ రోజు మొదలు షీబా పొద్దున్నే మొహం కడుక్కోగానే ఆ గీత గీసుకోవడం అలవాటు చేసుకుంది. ఆదివారం చర్చికి కూడా అలాగే తయారైంది. మెర్సీ తుడవబోయి, అత్తగారి మొహం చూసి ఆగింది. సత్యవతి మనవరాలి చెయ్యి పట్టుకుని, ఎప్పుడూ కూర్చునే వెనక వరసలో కాకుండా, ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద కూర్చోబెట్టింది. ఆరాధన అయ్యాక పాస్టరు జ్ఞానానందం గారి భార్య వంగి పిల్ల బుగ్గ చూసింది.

"ఇదేంటి సత్యవతమ్మా, మొహాన గీత? ఉండండి, తుడుస్తాను," అని రుమాలు తీసింది.

మగవాళ్ల వైపు నిలబడ్డ విక్టర్‌కు తల్లి గొంతు స్పష్టంగా వినిపించింది.

"ముట్టుకోకండమ్మా. మా గుంట రాసుకున్నాది అది. నొప్పి పోనాదని సెప్తన్నాది."